అర్ధరాత్రి సూర్యోదయం

ఇప్పటి కుర్రాళ్ళకి చెరువు గట్టెక్కగానే ముందు కావలసింది నీళ్ళు కాదు, సిగ్నలు. ఫోను పైకెత్తి నాలుగు దిక్కులా తిప్పి, రెండు గీతలు కనబడ్డాక అప్పుడు కిందకి చూస్తారు. మేమూ దిక్కులు చూసేవాళ్ళమే. గాలి ఎటునుంచి వీస్తోందో, మబ్బు ఎటు మూసిందో చూసేవాళ్ళం. గాలి స్తంభించి, మబ్బు కమ్మి, ఉక్కపోసిన సాయంత్రమైతే ఆ రాత్రికి నిద్ర లేదని మా భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుకి ఒకరు చెప్పక్కర్లేదు. ఎండ లేని పగలు నీళ్ళలో నాచు ఆక్సిజన్ పెద్దగా తయారుచెయ్యదు. రాత్రయ్యాక అదే నాచు, రొయ్యలు, అడుగున మురుగు కలిసి ఉన్నదంతా పీల్చేస్తాయి. తెల్లారేసరికి రొయ్యలు గట్టువారన తేలతాయి.

"ఇంకా ఈ మబ్బుల జ్యోతిషం ఎందుకు మాస్టారూ, లాగర్ వేశాం కదా" అంటారు.

వేశారు నాయనా, ఎవరు కాదన్నారు? మూరెడు గొట్టం. కింది కొసన సెన్సర్లు: ఒకటి ఆక్సిజన్‌కి, ఒకటి పీహెచ్‌కి, ఒకటి ఉప్పుకి, ఒకటి వేడికి. లోపల బ్యాటరీ, గడియారం, మెమరీ. గుంజకి కట్టి నీళ్ళలో దించితే, చెప్పినంతసేపటికోసారి కొలిచి రాసుకుంటుంది. ఆ గొట్టం మీద నాకేం కోపం లేదు. అది చెప్పినట్టు చేస్తుంది. దానికి చెప్పేవాళ్ళ మీదే నా పేచీ అంతా. ల్యాప్‌టాప్‌కి తగిలించి, వచ్చిన ప్రశ్న చదవకుండా నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. దీన్ని కాన్ఫిగరేషన్ అంటున్నారు.

మా రోజుల్లో ఆక్సిజన్ కొలవడమంటే వింక్లర్ పద్ధతే. హంగేరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ 1888లో ప్రచురించాడు. నేను ల్యాబు పెట్టేనాటికే అది శతాబ్దం నాటి విద్య. మూత బిగువుగా కూర్చునే గాజు సీసా కావాలి. దాన్ని నింపడం దగ్గరే సగం మంది తప్పేవారు. గుడగుడమని ముంచేస్తే బయటి గాలి కూడా లోపలికి పోయి, చెరువుకి లేని పుణ్యం అంటగడుతుంది. సీసా వాల్చి, మెల్లగా, ఒక్క బుడగ లేకుండా అంచు పొర్లేదాకా నింపాలి. పిపెట్టు మొన నీళ్ళలోపలికి దించి ఒక ఎం.ఎల్. మాంగనస్ సల్ఫేటు, ఇంకో ఎం.ఎల్. ఆల్కలీ అయొడైడు వదలాలి. మూతపెట్టి తలకిందులు చేస్తే లోపల గోధుమరంగు తెట్టు కడుతుంది. ఆక్సిజన్ ఎంతుంటే రంగు అంత ముదురు. తెట్టు తెల్లగానే ఉండిపోయిందంటే ఇక కొలవడానికేం లేదు. రైతు మొహం చూడలేక సీసా వంకే చూస్తూ నిలబడేవాళ్ళం.

రంగుంటే ఆమ్లం పోసేవాళ్ళం. తెట్టు కరిగి నీళ్ళు పసుపుపచ్చగా తేరతాయి. అందులో 200 ఎం.ఎల్. కొలిచి తీసుకుని, బ్యూరెట్ లోంచి హైపో, అంటే సోడియం థయోసల్ఫేటు, చుక్కచుక్కగా వదలాలి. పసుపు వెలిసిపోతుండగా గంజి వేస్తే నీలం వస్తుంది. ఆ నీలం చటుక్కున మాయమైన చుక్క దగ్గర చెయ్యి ఆగాలి. హైపో 0.025 నార్మల్ బలంతో ఉంటే ఎన్ని ఎం.ఎల్. పడితే అన్ని పీపీఎం, అంటే లీటరుకి అన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్. కాగితం, పెన్సిలు కూడా అక్కర్లేదు. హైపో బలం తగ్గిందేమోనని డైక్రోమేటుతో సరిచూసుకోవడం ల్యాబు తెరవగానే చేసే పని, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించాక.

తర్వాత నీళ్ళలో ముంచితే ఆక్సిజన్ అంకె చూపించే డీవో మీటర్లొచ్చాయి. అమెరికాలో లీలాండ్ క్లార్క్ 1950లలో రక్తంలో ఆక్సిజన్ కొలవడానికి చేసిన ఎలక్ట్రోడే తిరిగి తిరిగి మన చెరువుల్లోకి దిగింది. కొసన పల్చటి పొర, లోపల ఉప్పు ద్రావణం. పొర మార్చేటప్పుడు దాని కింద ఆవగింజంత బుడగ చిక్కినా చేసిన పనంతా మళ్ళీ మొదటికి. పైగా ఆ ఎలక్ట్రోడు కొలిచే ఆక్సిజన్‌ని తనే తినేస్తుంది, అంచేత నీళ్ళలో ఆడిస్తూ ఉండాలి. ఆడించకుండా పట్టుకుని నిలబడ్డవాడికి అంకె దిగిపోతూ కనబడేది, వాడు చెరువు పోయిందని గోల పెట్టేవాడు. ఇప్పటి సెన్సర్లకి ఆ బాధ లేదు. మూతకి పూసిన రంగు మీద నీలికాంతి పడితే అది ఎర్రగా మెరుస్తుంది. ఆక్సిజన్ ఎక్కువుంటే ఆ మెరుపు తొందరగా ఆరిపోతుంది. ఎంత తొందరగా ఆరిందో చూసి లెక్క చెబుతుంది. కదపక్కర్లేదు, పొర మార్చక్కర్లేదు. బ్రహ్మాండమైన విద్య. వంక పెట్టడానికి నాకు కూడా దొరకలేదు.

దొరికింది గడియారం దగ్గర.

ఆ మధ్య మా వైపు ఒక రాజుగారు గ్రాఫు కాగితం పట్టుకుని వచ్చారు. పక్కనే లాగర్ బిగించిన కుర్రాడు. "మాస్టారూ, మా చెరువులో ఆక్సిజన్ అర్ధరాత్రికి పాతాళానికి పోతోందండి. ఒంటిగంట నుంచి దానంతటదే లేస్తోంది. అందుకని పదకొండింటికల్లా ఏరియేటర్లన్నీ వేసి, రెండింటికి ఆపేస్తున్నాం. కరెంటూ కలిసొస్తోందండి. అయినా పొద్దున్నే రొయ్య తేలుతోంది. రోగమేమోనని సందేహం" అన్నారాయన.

ఒంటిగంటకి లేవడమేమిటి? నీళ్ళలో నాచు సూర్యుడొస్తే గానీ పనిలోకి దిగదు. "గ్రాఫులో శిఖరం ఎన్నింటికుందండీ?" అని అడిగాను. "పొద్దున్న తొమ్మిదిన్నరకండి" అన్నారు. ఏ చెరువైనా ఆక్సిజన్ నిండుగా ఉండేది మధ్యాహ్నం మూడు ప్రాంతంలో. తొమ్మిదిన్నరకి ఐదున్నర కలిపితే మూడు. అర్ధరాత్రికి ఐదున్నర కలిపితే తెల్లవారుజాము ఐదున్నర. లాగర్ గ్రీనిచ్ టైములో నడుస్తోంది! కుర్రాడు టైము జోను గడి చూడనే లేదు. రాజుగారు మన టైము ప్రకారం రాత్రి రెండింటికి, అంటే ఆక్సిజన్ ఇంకా దిగుతుండగానే, ఏరియేటర్లు ఆపేసి, అసలు అవసరమైన మూడున్నర గంటలూ రొయ్యల్ని గాలికొదిలేశారు. రోగమూ లేదు, రొష్టూ లేదు.

కుర్రాడి మొహంలో సిగ్గన్నది కనబడితే ఒట్టు. "ఆఫ్‌సెట్ ఇష్యూ సార్, ఎక్సెల్‌లో సరిచేసేస్తా" అన్నాడు. ఎక్సెల్‌లో సరిచెయ్యొచ్చు బాబూ. ఆ ఎక్సెల్‌లో తారీకుల గతి ఇంకో కథ. మార్చి నాలుగు ఏప్రిల్ మూడై కూర్చుంటుంది. చచ్చిన రొయ్యని ఏ ఎక్సెల్‌లో సరిచేస్తావు?

గడియారం తప్పితే కనీసం గ్రాఫు చూసిన ముసలాడెవడైనా పట్టుకుంటాడు. గుట్టుగా కొంప ముంచేది ఉప్పు.

ఇది కాస్త ఓపిగ్గా వినాలి. సెన్సర్ నిజంగా కొలిచేది నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉందని కాదు, ఆక్సిజన్ ఎంత ఒత్తిడితో ఉందని. దాన్ని పీపీఎంలోకి మార్చాలంటే నీటి వేడి, నీటి ఉప్పు రెండూ తెలియాలి. వేడి దానికి తెలుసు, పక్కనే సెన్సరుంది. ఉప్పు మనం చెప్పాలి. లేదా ఉప్పు సెన్సర్ లెక్కని దీనికి జతచేసే గడిలో టిక్కు పెట్టాలి. రెండూ చెయ్యకపోతే చాలా మీటర్లు సున్నా అనుకుంటాయి, అంటే మంచినీళ్ళని. 30 డిగ్రీల దగ్గర మంచినీళ్ళు నిండుగా పట్టుకోగల ఆక్సిజన్ ఏడున్నర పీపీఎం. అదే వేడికి 25 పీపీటీ ఉప్పు నీళ్ళయితే ఆరున్నర దాటి పెద్దగా పట్టవు. ఉప్పు చెరువులో ఉప్పు సున్నా అని రాసుకున్న లాగర్ తెరమీద 4 అని వేసిందంటే ఆ నీళ్ళలో ఉన్నది మూడున్నరే. రొయ్యకి 4కి తగ్గకూడదని మేం రైతులకి నెత్తిన కొట్టి చెప్పేవాళ్ళం. రాత్రి మూడింటికి అంకె 4 దగ్గర ఉందని చూసుకుని హాయిగా ముసుగు తన్నినవాడి చెరువు అసలు ఎక్కడుందో ఇప్పుడు లెక్కేసుకోండి.

వింక్లర్‌కి ఈ గొడవ లేదు. సీసాలో ఉన్న ఆక్సిజన్‌నే నేరుగా లెక్కపెడుతుంది. నీళ్ళు ఉప్పనైనా, చప్పనైనా దానికొకటే. పోనీ ఒక్కసారి ఉప్పు రాసేస్తే శాశ్వతమా అంటే అదీ కాదు. ఏప్రిల్, మే ఎండలకి నీరు ఆవిరై ఉప్పు ఎక్కుతుంది, తొలకరి నాలుగు వానలు పడితే దిగుతుంది. చెరువులో నీళ్ళు మారుతుంటే లాగర్‌లో అంకె మాత్రం బిగించినరోజు దగ్గరే ఆగిపోతుంది. ఆ రోజుల్లో రిఫ్రాక్టోమీటర్ గాజు మీద ఒక చుక్క వేసి, ఎండకేసి చూసి, పీపీటీ పుస్తకంలో రాయనిదే మా కుర్రాళ్ళు సీసా ముట్టుకునేవారు కాదు.

పీహెచ్ సంగతికొస్తే, దాన్ని బఫర్లతో సరిచెయ్యాలి. ముందు 7, ఆ తర్వాత మన చెరువు ఏ వైపుంటే ఆ వైపు బఫరు. రొయ్యల చెరువు పగలంతా ఎనిమిది దాటే ఉంటుంది కాబట్టి 10. ఇప్పటివాళ్ళు 4తో చేసి చేతులు దులుపుకుంటారు, పొట్లం అదే దొరికిందట. నిన్న వాడిన 10 బఫరుని పారబొయ్యకుండా మళ్ళీ సీసాలో పోసి దాస్తారు. అది గాల్లో కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మెల్లగా దిగిపోతుంది. దిగినదాన్ని 10 అని నమ్మితే చెరువు పీహెచ్ ఉన్నదానికంటే పైకి చూపిస్తుంది. ఇంతకీ పీహెచ్ మీద ఇంత పట్టింపెందుకంటే అమ్మోనియా వల్ల. 30 డిగ్రీల మంచినీళ్ళలో పీహెచ్ 8 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది ఏడెనిమిది శాతం. 9 దగ్గర నలభై శాతం దాటుతుంది. ఉప్పు నీళ్ళలో కాస్త తక్కువే గానీ వరస అదే. పీహెచ్ సెన్సర్ కొసనుండే గాజు బుడ్డిని ఎండబెట్టకూడదనీ, డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టకూడదనీ చెప్పి చెప్పి నా నోరు ఎండిపోయింది.

ఎంతసేపటికోసారి కొలవాలన్నది ఇంకో వేలంవెర్రి. చెరువు నీళ్ళు క్షణక్షణానికీ మారవు. పావుగంటకోసారి చాలు, రోజుకి 96 లెక్కలు. మా కుర్ర ఇంజనీర్లు ఐదు సెకన్లకోసారి పెడతారు, రోజుకి 17,280 లెక్కలు. ఎవరు చదువుతారయ్యా అవి? పంట పట్టుబడికి రాకముందే బ్యాటరీ చేతులెత్తేస్తుంది. కాంతి పడ్డప్పుడల్లా ఆ మూత రంగు కూడా కాస్త కాస్త వెలుస్తుంది. మెమరీ నిండితే ఆగిపోనా, పాతది చెరిపి కొత్తది రాయనా అని అది మర్యాదగా అడుగుతుంది. అడిగిన పాపానికి దానికి దక్కేది ఓకే.

ఒక లైను మీద నాలుగైదు సెన్సర్లు తగిలించేచోట ఒక్కోదానికీ వేరే అడ్రసు ఇవ్వాలి. ఫ్యాక్టరీ నుంచి అన్నీ ఒకే అడ్రసుతో వస్తాయి. అలాగే తగిలిస్తే, పంతులుగారు హాజరు పిలిచినప్పుడు ఇద్దరు సుబ్బారావులు ఒకేసారి "ప్రెజెంట్ సార్" అన్నట్టు రెండూ గోల చేస్తాయి, ఏదీ వినబడదు. ఒకచోట ఇది తెలియక కేబుల్ మార్చారు, తర్వాత డబ్బా మార్చారు. ఒక్కో సెన్సర్‌నీ విడిగా తగిలించి నంబరు మార్చడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టదు.

ఇక దాన్ని కట్టే చోటు. ఏరియేటర్ పక్కన కడతారు. ఎందుకంటే వైరు దగ్గర, గట్టు దగ్గర, అంకె కూడా ముచ్చటగా ఉంటుంది. ఏరియేటర్ చిలికే చోట ఆక్సిజన్ బాగుండకేం చేస్తుంది? రొయ్య బతికేది అడుగున. మేత, మురుగు పోగయ్యే మూల, నీళ్ళు తిరగని చోట, అడుగు నుంచి జానెడు మూరెడు పైన సరుగుడు గుంజకి కట్టాలి. అక్కడ అంకె బాగుండదు. బాగోలేదని తెలియడానికే కదా లక్షలు పోసి కొన్నది!

కట్టిన తర్వాతైనా దాన్ని పలకరించాలా వద్దా? వేసవి ఉప్పు నీళ్ళలో వారం తిరక్కుండా పాకుడు పడుతుంది. వైపర్ ఉందండీ అంటారు. వైపర్ రబ్బరుకీ పాకుడు పడుతుంది నాయనా. ఆ పాకుడు కూడా బతికున్నదే. పగలు సెన్సర్ కంటి మీదే కూర్చుని ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి పీలుస్తుంది. చెరువుకి పగలు లేని ఐశ్వర్యం, రాత్రి లేని దరిద్రం చూపిస్తుంది. మెత్తటి బ్రష్షు, గుడ్డపీలిక, చెరువు మీద తిరిగే కాపలా కుర్రాడికి ఐదు నిమిషాల పని. కాపలా కుర్రాడేమో మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తడం కూడా మానేసి ఫోనులో గ్రాఫు చూస్తున్నాడు.

ఇంత తిట్టాక ఒక మాట ఒప్పుకోవాలి, లేకపోతే అన్యాయం. సీసాతో రాత్రంతా కొలిచిన మొనగాణ్ణి నేనైతే చూడలేదు. సాయంత్రం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి, మధ్యలో ఏం జరిగిందో దేవుడికెరుక. టైగర్ రొయ్యల రోజుల్లో పిల్లల్ని పల్చగా వదిలేవాళ్ళం కాబట్టి అలా సాగింది. 2009లో వెనామీ రొయ్యకి అనుమతి వచ్చాక లెక్క మారింది. చదరపు మీటరుకి 60 పిల్లలకి మించొద్దని నిబంధన, అంటే అరవై దాకా వెయ్యొచ్చన్నమాట. అంత ఒత్తుగా ఉన్న చెరువులో కరెంటు పోయి జెనరేటర్ మొరాయిస్తే, వింక్లర్ తెట్టు అడుక్కి దిగేలోపు కథ అయిపోతుంది. అక్కడ లాగర్ ఉండాల్సిందే. ఉండాలని నేనే పదిమందికి చెప్పి కొనిపించాను.

కానీ ఆ ఉన్నదానితో ఏం చేస్తున్నారు? మేం పొద్దుగూకాక ఒకసారి, రెండు మూడు గంటలాగి ఇంకోసారి కొలిచి, గ్రాఫు కాగితం మీద రెండు చుక్కలు పెట్టి, స్కేలుతో గీత గీసి తెల్లవారుజాము దాకా లాగేవాళ్ళం. అమెరికాలో ఆబర్న్ యూనివర్సిటీ క్లాడ్ బాయిడ్ బృందం క్యాట్‌ఫిష్ చెరువుల కోసం 1970లలో రాసిపెట్టిన ఉపాయమిది. రాత్రిపూట ఆక్సిజన్ ఇంచుమించు ఒకే వాలున దిగుతుంది కాబట్టి, ఐదింటికి ఎంతుంటుందో రాత్రి తొమ్మిదింటికే తెలిసిపోయేది. మూడు కిందకి పోతుందనిపిస్తే డీజిలు తెప్పించుకుని, మేత ఆపుకుని, ఏరియేటర్లు ముందే వేసుకునేవాళ్ళు. మాకు రెండు చుక్కలే. ఇప్పుడు ఆ రెండు మూడు గంటల్లోనే పది చుక్కలు ఫోనులోకి వచ్చిపడుతుంటే ఒక్కడూ గీత గియ్యడు. అంకె 3కి దిగితే అలారం మోగేలా పెట్టుకుని పడుకుంటాడు. అలారం మోగేసరికి చెరువు 3 దగ్గరే ఉంటుంది కదా, ఇంకెప్పుడు లేస్తావు? ఉప్పు సున్నా అని ఉంటే అప్పటికే 3 కూడా లేదు.

లాగర్ కొన్న రైతులకి, బిగించే కుర్రాళ్ళకి నేను కోరేది పెద్ద పనేం కాదు. దించే ముందు దాని గడియారం మీ చేతి గడియారంతో పోల్చి చూడండి. ఉప్పు (సెలినిటీ) గడిలో ఏముందో చదవండి. ఒక బకెట్టు చెరువు నీళ్ళు తెచ్చి, అందులో లాగర్ ముంచి, అదే నీళ్ళతో వింక్లర్ ఒకటి చేయించండి. భీమవరంలో ఆక్వా ల్యాబులకి కరువు లేదు. రెండు అంకెలూ కలిస్తే నిశ్చింతగా దించుకోండి. కలవకపోతే మాత్రం, సీసా నింపినవాడి చెయ్యి మంచిదైతే, సీసానే నమ్మండి.